అచ్చుకు ముందే వేసుకోవలసిన లెక్కలు: ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో అమ్ముకునే తెలుగు రచయితలకు

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తెలుగు రచయితలకు కొత్త సంగతి కాదు. అయిదువందలో వెయ్యో కాపీలు అచ్చు వేయించి, ఆవిష్కరణ సభలో కొన్ని పంచి, అమ్ముడైనప్పుడు డబ్బిచ్చే మాట మీద పుస్తకాల దుకాణాల్లో కొన్ని వేసి, మిగిలిన అట్టపెట్టెలను ఏళ్ల తరబడి చెదల నుంచి కాపాడుకోవడం మనలో చాలామందికి అనుభవమే. ఆర్డరు వచ్చినప్పుడే కాపీ అచ్చు వేసే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతి ఆ అట్టపెట్టెల బాధను తీర్చింది. అయితే అది తీర్చింది ఆ ఒక్క బాధనే. ధర నిర్ణయించడం, ఫైలు సిద్ధం చేయడం, ఆన్‌లైన్ దుకాణంలో పుస్తకం వివరాలు సరిగా పెట్టడం, పాఠకుడికి సకాలంలో చేర్చడం, వచ్చిన డబ్బు లెక్క చూసుకోవడం వంటి పనులు ఇదివరకు ప్రచురణకర్తో, ప్రెస్సు వారో, దుకాణదారో చూసుకునేవారు. ఇప్పుడవన్నీ రచయిత మీదికే వచ్చాయి. నా కథల పుస్తకాన్ని ఈ పద్ధతిలో వేసినప్పుడు వీటిలో చాలా సంగతులు నాకు పుస్తకం దుకాణంలోకి వెళ్లిన తర్వాతనే తెలిశాయి. ఇప్పుడు పుస్తకం వేయబోతున్నవారికి అవి ముందే తెలియాలన్న కోరికతో ఇది రాస్తున్నాను.

ఎక్కడ వేయించాలి, ఎక్కడ అమ్మాలి

ఆఫ్‌సెట్ అచ్చులో ప్లేట్లు తయారు చేయడానికి, యంత్రాన్ని సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు ఒక కాపీ వేసినా వెయ్యి కాపీలు వేసినా దాదాపు ఒకటే కాబట్టి, కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో కాపీ చౌక అవుతుంది. డిజిటల్ యంత్రానికి ప్లేట్లు అక్కర లేదు. అందులో మొదటి కాపీకి ఎంత ఖర్చవుతుందో నూరవ కాపీకీ ఇంచుమించు అంతే అవుతుంది. అమెరికాలో ఇన్‌గ్రామ్ సంస్థ 1997లో లైట్నింగ్ సోర్స్‌ను ప్రారంభించి ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పుస్తక వ్యాపారంలోకి తెచ్చింది. మన దేశంలో బెంగళూరులోని పోతీ డాట్ కామ్ 2008 నుంచి ఈ సేవ అందిస్తోంది. చెన్నైలోని నోషన్ ప్రెస్ కూడా రచయితలకు బాగా తెలిసిన పేరే. ఇటువంటి సంస్థలు పుస్తకాన్ని తమ సొంత వెబ్‌సైటులోనూ, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి పెద్ద దుకాణాల్లోనూ అమ్మకానికి పెడతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రచయితలు సొంతంగా పుస్తకాలు ప్రచురించుకోవడానికి అమెజాన్ నడిపే కేడీపీలో అచ్చు పుస్తకం పెడితే అది అమెరికా, బ్రిటన్, జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాల అమెజాన్ దుకాణాల్లో అమ్ముడవుతుంది గాని, భారతదేశపు అమెజాన్ దుకాణం ఆ జాబితాలో లేదు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న పాఠకుడి కోసం కేడీపీలో అచ్చు పుస్తకం పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. అందుచేత ఇక్కడి పాఠకుల కోసం భారతీయ సంస్థను, డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న తెలుగువారి కోసం కేడీపీని వాడుకోవడం తెలివైన పని. దేశం నుంచి ఒక్క కాపీ అమెరికాకు పంపడానికయ్యే తపాలా ఖర్చు పుస్తకం ధరను మించిపోతుంది కాబట్టి, అక్కడే అచ్చయి అక్కడే చేరే పద్ధతి ప్రవాసంలోని పాఠకుడికి నిజంగా మేలు చేస్తుంది.

అయితే కేడీపీకి వెళ్లే ముందు ఆ సంస్థ అంగీకరించే భాషల జాబితాను తప్పక చూడాలి. 2016 డిసెంబరులో అమెజాన్ వారి ఈ-పుస్తకాల సేవ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం మాత్రమే వచ్చాయి. ఆ అయిదింటిలో తెలుగు లేకపోవడం మన రచయితలందరికీ బాధ కలిగించింది. ఈ-పుస్తకానికి ఒక జాబితా, అచ్చు పుస్తకానికి వేరొక జాబితా ఉంటాయి. అవి మారుతూ ఉంటాయి. జాబితాలో తెలుగు కనబడకపోతే ఇంగ్లీషు అని గుర్తు పెట్టి పుస్తకాన్ని పంపించకండి. భాష తప్పుగా చూపిన పుస్తకాన్ని సంస్థ ఎప్పుడైనా అమ్మకం నుంచి తీసివేయవచ్చు, అలా తీసివేసిననాడు దానితో పాటు పాఠకుల సమీక్షలూ పోతాయి.

ధర

ప్రింట్ ఆన్ డిమాండ్‌లో రచయితలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆఫ్‌సెట్‌లో వేసిన పుస్తకం ధరలను చూసి, మన పుస్తకానికీ అదే ధర పెడదామనుకోవడం సహజం. కాని ఆ ధరలో అచ్చు ఖర్చు పాలు చాలా తక్కువ. ఇక్కడ ఒక్కో కాపీకి అచ్చు ఖర్చే రెట్టింపు ఉండవచ్చు.

లెక్క ఇలా వేసుకోండి. రెండువందల పేజీల పుస్తకానికి అట్టతో కలిపి అచ్చు ఖర్చు 140 రూపాయలు అనుకుందాం. ఆన్‌లైన్ దుకాణం, దానికి చేర్చే సంస్థ కలిసి ధరలో 45 శాతం తీసుకుంటాయనుకుందాం. ధర 250 పెడితే వారి వాటా పోగా మిగిలేది 137 రూపాయల 50 పైసలు. అంటే ప్రతి కాపీకి రెండున్నర రూపాయల నష్టం. అటువంటి ధరను సంస్థ అసలు అంగీకరించదు. ధర 300 చేస్తే మిగిలేది 165, అందులో మీకు వచ్చేది 25. కాబట్టి ధరను మనసుకు తోచినట్టు కాకుండా వెనక నుంచి లెక్క కట్టాలి: అచ్చు ఖర్చుకు కాపీకి మీకు రావలసిన మొత్తాన్ని కలిపి, దుకాణం వాటా పోగా మిగిలే శాతంతో భాగించాలి. పై ఉదాహరణలో మీకు నలభై రూపాయలు రావాలంటే 180ని 0.55తో భాగిస్తే 327 వస్తుంది. అంటే ధర 330 పెట్టాలి. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు. మీ పుస్తకానికి మీ సంస్థ ఇచ్చే అసలు అంకెలను ఇదే లెక్కలో వేసి చూడండి.

రెండువందల పేజీల తెలుగు పుస్తకానికి 330 రూపాయలు పెట్టడానికి మనకు మొహమాటంగానే ఉంటుంది. అయినా మొహమాటంతో ధర తగ్గించవద్దని నా సలహా, ఎందుకంటే ఒకసారి తక్కువ ధరకు అలవాటు పడిన పుస్తకానికి తర్వాత ధర పెంచితే పాఠకుడు కోపగించుకుంటాడు. దానికి బదులు పేజీల సంఖ్యను, సైజును ముందే ఆలోచించుకోండి. ఇరవై కథల్లో బలహీనమైన మూడింటిని పక్కన పెడితే పుస్తకమూ బాగుపడుతుంది, నలభై పేజీల ఖర్చూ తగ్గుతుంది. పేజీకి అరవై పైసలు వేసుకున్నా అది కాపీకి 24 రూపాయలు; దుకాణం వాటాతో కలిపి చూస్తే అమ్మకం ధరలో దాదాపు 44 రూపాయల తేడా. చిన్నదైన క్రౌన్ సైజు నుంచి కాస్త పెద్దదైన డెమీకి మారినా పేజీలు తగ్గుతాయి. లోపల ఒక్క రంగు బొమ్మ పెట్టినా చాలా సంస్థలు పుస్తకం మొత్తానికీ రంగుల అచ్చు ధర కడతాయి కాబట్టి, రంగుల ఫొటోలు నిజంగా అవసరమా అని రెండుసార్లు ఆలోచించండి.

అచ్చు వేసే సంస్థ సొంత వెబ్‌సైటులో అమ్ముడైన కాపీకి సాధారణంగా రచయితకు ఎక్కువ వస్తుంది, బయటి దుకాణం వాటా అందులో ఉండదు గనుక. మీ పరిచయస్తులకు పంపే లింకు అదై ఉండాలి. పెద్ద దుకాణంలో పుస్తకం ఉండటం తెలియనివారి కళ్లలో పడటానికి ఉపయోగపడుతుంది.

కేడీపీలో లెక్క వేరు. అక్కడ రాయల్టీ శాతం నుంచి అచ్చు ఖర్చు తీసివేస్తారు. 2025 జూన్ 10 నుంచి అమెరికా దుకాణంలో 9.99 డాలర్ల కన్నా తక్కువ ధర ఉన్న అచ్చు పుస్తకానికి రాయల్టీని 60 శాతం నుంచి 50 శాతానికి తగ్గించారు. నలుపు అక్షరాల మామూలు సైజు పుస్తకానికి 110 పేజీలు దాటితే అచ్చు ఖర్చు ఒక డాలరు, దానిపై పేజీకి 1.2 సెంట్లు అన్న లెక్కన, రెండువందల పేజీలకు 3.40 డాలర్లు అవుతుంది. ధర 9.50 పెడితే సగం 4.75, అందులోంచి 3.40 పోతే మీకు 1.35 డాలర్లు. అదే 9.99 పెడితే 60 శాతం అంటే 5.99, ఖర్చు పోగా 2.59. పాఠకుడి మీద పడిన అదనపు భారం అర డాలరు లోపే, మీకు వచ్చేది మాత్రం దాదాపు రెట్టింపు. ఇతర దుకాణాలకు, గ్రంథాలయాలకు చేర్చే విస్తృత పంపిణీని ఎంచుకుంటే ఆ అమ్మకాలపై రాయల్టీ 40 శాతమే, 9.99 మీద అది 4.00, అచ్చు ఖర్చు పోగా మిగిలేది 60 సెంట్లు. అది ఎంచుకోవాలా వద్దా అన్నది ఈ అంకె చూసుకున్న తర్వాతే నిర్ణయించండి.

ధరను వెనక అట్ట మీద అచ్చు వేయించే ముందు కూడా ఆలోచించాలి. అచ్చు ఖర్చు పెరిగి ధర మార్చవలసి వస్తే అట్ట ఫైలు మార్చాలి, ఎక్కడో గోదాములో ముందే వేసి ఉంచిన కాపీల మీద పాత ధరే ఉంటుంది. సంస్థ నియమాలు అనుమతిస్తే నేను ధర లేని అట్టనే ఎంచుకుంటాను.

ఫైలు, అక్షరం

తెలుగు పుస్తకానికి ప్రత్యేకమైన కష్టాలన్నీ ఇందులోనే ఉన్నాయి. మన డీటీపీ కేంద్రాల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో పని జరుగుతోంది. ఆ అక్షరాలు కాగితం మీద అందంగానే ఉంటాయి గాని, అవి అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉండవు. కంప్యూటర్ వాటిని తెలుగుగా గుర్తించదు. ఆ ఫైలు నుంచి మీ పుస్తక పరిచయాన్ని కాపీ చేసి దుకాణం పేజీలో పెడితే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. రేపు ఈ-పుస్తకం చేయాలన్నా, పుస్తకంలో ఒక మాట వెదకాలన్నా ఆ ఫైలు పనికిరాదు. కాబట్టి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే కంపోజ్ చేయించండి. ఇదివరకే అను ఫాంట్లలో ఉన్న పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్పించుకుంటే, మార్చిన ప్రతిని మొదటి పేజీ నుంచి చివరి దాకా మళ్లీ ప్రూఫు చూడాలి; సంయుక్తాక్షరాల దగ్గర, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి. యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవన్న మాట ఇప్పుడు చెల్లదు. మండలి, సూరన్న, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిని పుస్తకంలో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. నా అభిరుచికి లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర బాగుంటాయి.

పేజీలు అమర్చే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పని చేసేవారు పేరాగ్రాఫ్ అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోతే ఒత్తులు అక్షరం కిందికి చేరకుండా విడిపోతాయి. నా పుస్తకంలో జరిగింది ఇటువంటిదే. నా కంప్యూటర్ తెర మీద ‘లక్ష్మి’ అని చక్కగా కనిపించిన మాట, ఫాంటు పీడీఎఫ్‌లో పూర్తిగా ఇమడనందువల్ల నమూనా కాపీలో మూడు ముక్కలై వచ్చింది. కథానాయిక పేరే అది. రెండువందల పేజీల్లో ప్రతిచోటా అలాగే ఉంది. అప్పటికే నేను ఆవిష్కరణ తేదీ ప్రకటించి ఉన్నందువల్ల పడిన ఆందోళన ఇంకెవరికీ వద్దు. నమూనా కాపీ చేతికి వచ్చి, దాన్ని కాగితం మీద ఆసాంతం చదివిన తర్వాతే తేదీ ప్రకటించండి. తెర మీద చూసిన ప్రూఫు సరిపోదు.

తెలుగు లిపిలో అక్షరం పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషు కన్నా ఎక్కువ ఖాళీ కావాలి. పన్నెండు పాయింట్ల అక్షరానికి పదిహేడు, పద్ధెనిమిది పాయింట్ల వరుస దూరం ఉంటే కన్ను సుఖపడుతుంది. పేజీలు తగ్గించి ఖర్చు మిగుల్చుకోవాలన్న తొందరలో ఈ దూరాన్ని తగ్గిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో ఢీకొంటాయి. ఖర్చు తగ్గించడానికి వచనాన్ని తగ్గించండి, వరుసల మధ్య గాలిని తగ్గించకండి.

పేజీలను కుట్టకుండా జిగురుతో అంటించే పర్ఫెక్ట్ బైండింగ్‌లో వెన్ను దగ్గర జిగురు పేజీలో కొంత భాగాన్ని లోపలికి లాక్కుంటుంది. పేజీలు పెరిగేకొద్దీ లోపలి మార్జిన్ కూడా పెరగాలి. కేడీపీ నియమం ప్రకారం 151 నుంచి 300 పేజీల పుస్తకానికి లోపలి మార్జిన్ కనీసం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉండాలి. అది కనీసం మాత్రమే. పుస్తకాన్ని విరగదీయకుండా చదువుకోవాలంటే ఇంకొంచెం ఇవ్వండి. అట్ట మీది రంగు అంచుల దాకా ఉంటే నాలుగు వైపులా 3.2 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, కోతలో అది పోతుంది. వెన్ను మందం పేజీల సంఖ్యను, కాగితాన్ని బట్టి మారుతుంది: కేడీపీలో తెల్ల కాగితమైతే రెండువందల పేజీలకు 11.4 మిల్లీమీటర్లు, మీగడ రంగు కాగితమైతే 12.7. చివరి నిమిషంలో ముందుమాట చేర్చి పదహారు పేజీలు పెంచితే అట్ట కూడా మళ్లీ చేయించుకోవాలి. ముందుమాట రాసిస్తామన్న పెద్దల కోసం ఆగవలసి వస్తే అట్టను కూడా ఆపండి.

పేరు, నంబరు, వివరాలు

ప్రతి పుస్తకానికీ గుర్తింపుగా ఉండే ఐఎస్‌బీఎన్ నంబరును మన దేశంలో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. 2016 నుంచి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, ప్రచురణ సంస్థ లేని రచయిత కూడా తన పేరుతో తీసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగేవారికి ఇవ్వకండి. అచ్చు వేసే సంస్థ ఇచ్చే ఉచిత నంబరు తీసుకుంటే పని తొందరగా అవుతుంది గాని, ఆ నంబరు మీద ప్రచురణకర్తగా ఆ సంస్థ పేరే ఉండవచ్చు. కేడీపీ ఉచితంగా ఇచ్చే నంబరును మరెక్కడా వాడకూడదు. సొంత నంబరు ఉంటే సంస్థ మారినా పుస్తకం గుర్తింపు మారదు. అచ్చు పుస్తకానికి, ఈ-పుస్తకానికి వేరువేరు నంబర్లు కావాలి.

దుకాణం ఫారంలో పేరు నింపే దగ్గర తెలుగువారికి ఒక చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఉంటాయి. ఒక పుస్తకానికి ఇంటిపేరు పొడి అక్షరాల్లో, మరొకదానికి ఇంటిపేరు పూర్తిగా, మూడోదానికి కలం పేరు ఇస్తే దుకాణం కంప్యూటర్‌కు ముగ్గురు రచయితలు కనబడతారు, మీ పుస్తకాలు మూడు చోట్ల చెల్లాచెదురవుతాయి. ఒక రూపం నిర్ణయించుకుని, చుక్కలు, ఖాళీలతో సహా ఎప్పుడూ అదే రాయండి.

పుస్తకం పేరు విషయంలో కష్టం ఇంకా ఎక్కువ. ఆన్‌లైన్ దుకాణాలు 2020లోనే తెలుగులో కనబడటం మొదలుపెట్టినా, పాఠకుల్లో చాలామంది ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట రాసి వెదుకుతారు. ‘జ్ఞాపకాలు’ అన్న మాటలోని మొదటి అక్షరాన్ని ఒకరు జే, ఎన్ అని, మరొకరు జీ, ఎన్ అని, ఇంకొకరు జీ, వై అని రాస్తారు. దీర్ఘానికి ఒక ఏ పెట్టేవారు కొందరు, రెండు పెట్టేవారు కొందరు. పుస్తకం పేరు తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇచ్చి, మిగిలిన వర్ణక్రమాలను వెదుకుడు మాటల గడుల్లో చేర్చండి. కేడీపీలో అటువంటి గడులు ఏడు ఉంటాయి. పేరు పెట్టే దశలోనే మీ ఇంట్లో పిల్లలతో, స్నేహితులతో ఆ పేరును ఫోనులో రాయించి చూడండి. అయిదుగురు అయిదు రకాలుగా రాస్తే ఆ పేరు మరోసారి ఆలోచించుకోదగినదే.

పరిచయం తెలుగులో రాసి, కింద రెండు మూడు వాక్యాలు ఇంగ్లీషులో ఇవ్వండి. తెలుగు చదవలేని కొడుకో కోడలో పెద్దవారి కోసం కొనే సందర్భాలు తక్కువేమీ కాదు. ‘హృదయాలను కదిలించే’ వంటి విశేషణాలకు బదులు, కథలు ఏ ఊళ్లో జరుగుతాయి, ఏ బతుకుల గురించి అన్నది చెప్పండి. పాలమూరు వలసల కథలనో, కోనసీమ కొబ్బరి తోటల కథలనో తెలిస్తేనే ఆ ప్రాంతం వారు ఆగి చూస్తారు.

దుకాణంలో కనబడని కాపీ

పుస్తకం పేజీ తెరుచుకుంటుంది, కాని ‘స్టాకు లేదు’ అని ఉంటుంది, లేదా మూడు వారాల తర్వాత వస్తుందని ఉంటుంది. ప్రింట్ ఆన్ డిమాండ్ రచయితలందరికీ ఇది ఎదురవుతుంది. ముందే వేసి ఉంచిన కాపీ లేదు గనుక దుకాణం ఎక్కువ రోజుల గడువు చూపుతుంది, రెండు రోజుల్లో సరుకు ఇంటికి రావడానికి అలవాటు పడిన పాఠకుడు వెనక్కి వెళ్లిపోతాడు. ఆ ఖాళీలోకి వేరే అమ్మకందారులు వస్తారు. మూడువందల పుస్తకాన్ని తొమ్మిదివందలకు పెట్టిన అమ్మకందారుడి దగ్గర నిజానికి కాపీ ఉండదు. ఎవరైనా ఆర్డరు ఇస్తే అతడు మీ కాపీని అసలు ధరకు కొని పంపుతాడు. పాఠకుడు మాత్రం రచయితే ఇంత ధర పెట్టాడనుకుంటాడు. మామూలుగా కొన్న కాపీని తిరిగి అమ్మడం నేరం కాదు కాబట్టి ఫిర్యాదు చేసి లాభం లేదు.

దీనికి నాకు కనబడిన ఉపాయం ఒక్కటే: రచయిత కాపీలను అచ్చు ఖర్చుకు యాభై తెప్పించుకుని, అదే దుకాణంలో మీరే అమ్మకందారుగా చేరి, అదే పుస్తకం పేజీలో మీ కాపీలను అసలు ధరకు పెట్టడం. అచ్చు పుస్తకాలపై జీఎస్‌టీ లేదు కాబట్టి, పుస్తకాలు మాత్రమే అమ్మేవారు జీఎస్‌టీ నమోదు లేకుండా చేరవచ్చు. దుకాణం తీసుకునే కమిషన్ మీద, ఇతర రుసుముల మీద మాత్రం 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. ఆ మొత్తాన్ని కూడా లెక్కలో వేసుకోండి. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో కొన్ని తలుపు దాకా వెళ్లి తిరిగి వస్తాయి. వానాకాలంలో వెళ్లిన కాపీ తడిసి తిరిగి వస్తే అది అమ్మకానికి పనికిరాదు కాబట్టి, పుస్తకాన్ని ముందు ప్లాస్టిక్ కవరులో, తర్వాత గట్టి అట్టలో చుట్టండి. మూలలు నలగకుండా ఉండటానికి అట్టను పుస్తకం కన్నా ఒక అంగుళం పెద్దదిగా కత్తిరించండి.

నేరుగా అడిగే పాఠకులకు తపాలా శాఖ ద్వారా పంపడం ఇప్పటికీ చౌకే. పుస్తకాలు పంపుకోవడానికి ఆ శాఖ 2025 మే 1న ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం. పార్సిలు ఎక్కడుందో తెలుసుకునే వీలు కూడా ఉంది. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుడి పేరు ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. అందువల్ల మీ పుస్తకం లోపల మొదట్లో వచ్చే వివరాల పేజీలో ఈ పేర్లు తప్పకుండా వేయించుకోండి. మామూలు డెమీ సైజు రెండువందల పేజీల పుస్తకం చుట్టిన అట్టతో కలిపి 300 గ్రాములు దాటవచ్చు. కౌంటరుకు వెళ్లే ముందు వంటింటి కాటా మీద తూచి చూసుకోండి.

డిసెంబరులో హైదరాబాదులో, జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక ప్రదర్శనలకు కాపీలు కావాలంటే నెల ముందే ఆర్డరు పెట్టండి. ప్రదర్శనలో చేతికి తీసుకుని చూసినవారు తర్వాత ఆన్‌లైన్‌లో కొంటారు, ఇది నేను కళ్లారా చూశాను.

సమీక్షలు, డబ్బు

సమీక్షల గురించి ఒక్క మాట. కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రాసిన సమీక్షలను అమెజాన్ నియమాలు అనుమతించవు, డబ్బిచ్చి రాయించినవి అసలే ఒప్పుకోవు. మన పాఠకులు పుస్తకం నచ్చితే వాట్సాప్‌లో రచయితకు పెద్ద ఉత్తరమే రాస్తారు. ఆ ఉత్తరంలోని నాలుగు వాక్యాలను దుకాణం పేజీలో కూడా పెట్టమని వారిని వినయంగా అడగడానికి సంకోచించకండి.

అమ్మకాల లెక్క మీకు ఆలస్యంగా వస్తుంది. కేడీపీలో నెల ముగిసిన తర్వాత దాదాపు అరవై రోజులకు డబ్బు వస్తుంది, ఇక్కడి సంస్థల్లో ఒక్కోచోట ఒక్కో గడువు. లెక్క సరిగా వస్తోందో లేదో తెలుసుకోవడానికి, వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడితో ఒక కాపీ కొనిపించి, ఆ తేదీని రాసి పెట్టుకుని, అది మీ నివేదికలో ఎప్పుడు కనబడిందో చూడండి. సంస్థతో ఒప్పందం చేసుకునేటప్పుడు హక్కులు ఎవరివి, ఒప్పందం ఎన్నేళ్లు, మానుకుంటే అట్ట ఫైలు, లోపలి ఫైలు మీకు ఇస్తారా అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఒకసారి ఒక సంస్థతో తెగతెంపులు చేసుకున్నప్పుడు నా దగ్గర పీడీఎఫ్ తప్ప మార్పులు చేయదగిన ఫైలు లేక, పుస్తకాన్ని మొదటి నుంచి కంపోజ్ చేయించుకోవలసి వచ్చింది. ప్రచారం, అవార్డులు, పత్రికల్లో వార్తలు అన్నీ కలిపి పెద్ద మొత్తానికి ప్యాకేజీ అమ్మేవారి దగ్గర, మీ పుస్తకం ఎన్ని కాపీలు అమ్ముడైతే ఆ మొత్తం తిరిగి వస్తుందో ముందు లెక్క కట్టండి. కాపీకి నలభై రూపాయలు వచ్చే రచయితకు నలభై వేల ప్యాకేజీ అంటే వెయ్యి కాపీలు.

అమెరికా అమ్మకాలపై వచ్చే రాయల్టీకి పన్ను ఫారం నింపేటప్పుడు మీ పాన్ నంబరు ఇచ్చి, భారత, అమెరికా పన్ను ఒప్పందాన్ని ఎంచుకోండి. అప్పుడు అక్కడ 15 శాతమే పట్టుకుంటారు; ఎంచుకోకపోతే 30 శాతం పోతుంది.

తప్పులు దిద్దుకోవడం

వెయ్యి కాపీలు వేసిన పుస్తకంలో తప్పు కనబడితే ఆ వెయ్యి అయిపోయేదాకా భరించాలి. ఇక్కడ ఫైలు మార్చి పంపితే కొద్ది రోజుల్లో తర్వాతి కాపీ సరిగా వస్తుంది. ఈ సౌకర్యాన్ని ఓపికగా వాడుకోండి. ఒక్కో తప్పుకూ ఒక్కోసారి ఫైలు పంపకుండా, పాఠకులు చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో పేజీ, వరుస సంఖ్యలతో రాసుకుని మూడు నెలలకోసారి దిద్దండి, ఎందుకంటే ఫైలు మార్చిన ప్రతిసారీ పుస్తకం పరిశీలనలో ఉండి కొంతకాలం అమ్మకం ఆగవచ్చు, కొన్ని సంస్థలు మార్పుకు రుసుము కూడా తీసుకుంటాయి. దిద్దిన తర్వాత పేజీల సంఖ్య మారలేదని చూసుకోండి. మారితే వెన్ను మందం మారుతుంది, అట్ట కూడా మార్చాలి. అచ్చు తప్పులు దిద్దినంత మాత్రాన కొత్త ఐఎస్‌బీఎన్ అక్కర లేదు. కథలు చేర్చినా, తీసివేసినా, తిరగరాసినా అది కొత్త కూర్పు అవుతుంది కాబట్టి కొత్త నంబరు తీసుకుని, వివరాల పేజీలో రెండవ కూర్పు అని, నెల, సంవత్సరం వేసి, పాత కూర్పును అమ్మకం నుంచి ఆపించిన తర్వాతనే కొత్తదాన్ని దుకాణంలో పెట్టండి.